పూత నిలవని పెరటి మామిడి: కొట్టించాలా, కాపాడుకోవాలా?

పర్లాకిమిడి_పెరడు
మా పెరట్లో 1998లో మా మామగారు నాటిన సువర్ణరేఖ అంటు ఉంది. ఒకప్పుడు వీధి వీధంతా బుట్టలతో పంచిపెట్టిన చెట్టు అది. గత నాలుగేళ్లుగా మాఘమాసంలో కొమ్మ కనిపించనంతగా పూస్తోంది, ఫాల్గుణం వచ్చేసరికి ఆ పూతంతా నల్లబడి రాలిపోతోంది. ఈ ఏడూ అదే వరస మొదలైంది. నిన్న పొద్దున చెట్టు పక్కన నులకమంచం మీద పాత చీర పరచి గుమ్మడి వడియాలు పెట్టాను. మధ్యాహ్నానికి కొమ్మల నీడ అటు తిరిగింది. సాయంత్రం ఎత్తబోతే ఒక్కో వడియం మీద చీమ తలంత జిగురు చుక్కలు, వాటికి అంటుకున్న ఎండుపూలు కనిపించాయి. నాలుగు కిలోల గుమ్మడికాయ వృథా అయింది. ఆకుల పైభాగం పొయ్యి మసి పూసినట్టు ఉంది, వేలితో రుద్దితే ఆ మసి పొరలా ఊడి వస్తోంది.

మావారు చెట్టు కొట్టించి ఆ చోట బండికి రేకుల పాక వేద్దామంటున్నారు. అది విన్నప్పటి నుంచి మా అత్తగారు సరిగా భోజనం చేయడం లేదు. పురుగుమందుల దుకాణంలో అడిగితే ఒక సీసా చేతిలో పెట్టి, ఇది కొడితే పురుగన్నది మిగలదని చెప్పారు. మేము తాగే నీళ్ల బావి చెట్టుకు పది అడుగుల దూరంలో ఉంది. అందుకే ఆ సీసా మూత ఇంకా తీయలేదు. అనుభవం ఉన్నవారు చెప్పండి, ఈ చెట్టును ఏం చేయమంటారు?

ధర్మాబాద్_కల్లం
మీరు చెప్పిన గుర్తులన్నీ తేనెమంచు పురుగువే. మా వైపు మరాఠీ రైతులు దీన్ని తుడతుడే అంటారు. మనం మామిడి పూత అనేదాన్ని వారు మోహర్ అంటారు. మోహర్ మీద తుడతుడే పడిందంటే ఊళ్లో అందరూ ఒకసారి చెట్టువైపు చూసి నిట్టూరుస్తారు. సాయంత్రం పొద్దు గూకే వేళ తెల్ల గుడ్డ ఒకటి పూతకొమ్మ కింద పట్టుకొని కొమ్మను గట్టిగా కుదపండి. గోధుమగింజ కన్నా చిన్నవి, తలవైపు వెడల్పుగా, తోకవైపు సన్నగా ఉన్న బూడిదరంగు పురుగులు చినుకుల చప్పుడుతో గుడ్డ మీద పడి ఎగిరిపోతే ఇక అనుమానం అక్కరలేదు.

గుణుపురం_కోడలు
మా అత్తవారింట్లో దాన్ని పేనుబంక అనుకొని మూడేళ్లు గడిపాము. ఆ జిగురు చెట్టు కార్చే బంక కాదని, పురుగు రసం పీల్చి వదిలే తీపి నీరని ఆ తరువాతే తెలిసింది.

ధర్మాబాద్_కల్లం
అవును. ఆ తీపి నీటి మీదే బూజు పెరిగి నల్లటి మసిగా మారుతుంది. దానినే మసితెగులు అంటారు. ఆ బూజు ఆకు లోపలికి దిగదు, అందుకే వేలితో రుద్దితే ఊడివస్తుంది. కాకపోతే ఆకుకు ఎండ తగలకుండా అడ్డుపడుతుంది. పురుగు తగ్గితే మసి తనంతట తానే పోతుంది కాబట్టి మసికి వేరే మందు వెదకనవసరం లేదు. పూత మీద తెల్లటి బూడిద చల్లినట్టు ఉంటే మాత్రం అది బూడిద తెగులు, దాని సంగతి వేరు. మీ చెట్టుకు ఏది ఉందో పూతగెలను దగ్గరకు లాక్కుని చూడండి.

బరంపురం_తులసికోట
నా మాట కటువుగా అనిపించవచ్చు, అయినా చెప్పక తప్పదు. ఇంటి గోడకు దగ్గరగా ఉన్న పెద్ద మామిడిని ఉంచుకోవడం మన తీరంలో మంచిది కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి మా పెరటి చెట్టు వంటింటి పైకప్పు మీద పడింది. అప్పుడే అమ్మను పక్క గదిలోకి తీసుకువెళ్లి ఉండకపోతే ఏమయ్యేదో తలచుకోవడానికి ఇప్పటికీ ధైర్యం చాలదు. చెట్టు మీద మమకారం నాకూ ఉంది. దాని చోట కొత్త అంటు ఒకటి గోడకు దూరంగా నాటుకుంటే ఐదారేళ్లలో కాస్తుంది. మీవారి మాటను అంత తేలికగా తీసివేయకండి.

పర్లాకిమిడి_పెరడు
మీరు తుపాను ప్రస్తావన తెచ్చారు కాబట్టి ఒక సంగతి గుర్తొచ్చింది. 2018 అక్టోబరులో తిత్లీ మా జిల్లాను ఎలా కుదిపేసిందో మీకు తెలిసిందే. ఆ రోజు ఈ చెట్టు నడిమి మాను సగానికి విరిగింది. అప్పటికే పోయిందనుకున్నాము. తరువాతి వానలకు విరిగిన చోటి నుంచి చీపురుకట్టలా కొమ్మలు లేచి, ఇప్పుడు చెట్టు మునుపటి కన్నా దట్టంగా ఉంది. కింద నిలబడి పైకి చూస్తే ఆకాశం కనిపించదు.

రాయగడ_మాస్టారు
అమ్మా, మీ ప్రశ్నకు జవాబులో సగం మీ నోటనే వచ్చింది. తేనెమంచు పురుగుకు కావలసినది నీడ, తేమ, గాలి ఆడని గుబురు. చెట్టు నడుమ వెలుతురు పడకపోతే పూత లేని రోజుల్లో కూడా అది బెరడు పగుళ్లలో హాయిగా దాక్కొని, పూత రాగానే గెలల మీదకు చేరుతుంది. తిత్లీకి ముందు మీకు ఈ బెడద లేదన్నమాట. అప్పటి నుంచి ఒక్కసారైనా కొమ్మలు తీయించారా?

ఇంకొక ప్రశ్న కూడా ఉంది. చెట్టు మొదట్లోకి నీళ్లు ఎక్కడి నుంచైనా వస్తున్నాయా? కార్తీకం నుంచి పూత వచ్చేదాకా మామిడికి నీరు ఇవ్వకూడదు. ఆ కాలంలో చెట్టు కాస్త ఎండి విశ్రాంతి తీసుకుంటేనే ముదిరిన కొమ్మ చివర పూత కడుతుంది. అప్పుడు నీళ్లు అందుతూ ఉంటే లేత చిగురు వేస్తుంది, లేత చిగురంటే ఆ పురుగుకు విందు.

సిరొంచ_గోదారిగట్టు
మాస్టారి మాటతో నేను ఏకీభవించలేను. ప్రాణహిత గోదావరిలో కలిసే చోటికి దగ్గరలో, కాళేశ్వరానికి ఇవతలి ఒడ్డున మా ఇల్లు ఉంది. ఇక్కడ వైశాఖంలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. నీళ్లు మానమని ఎవరో చెబితే ఒక ఏడు చైత్రం దాకా చుక్క పోయలేదు. గోలీకాయలంతైన పిందెలు పొద్దున లేచి చూసేసరికి చెట్టు కింద చాపలా పరుచుకొని ఉండేవి. ఆ ఏడు మాకు దక్కినవి పదకొండు కాయలు. మరుసటి ఏడు నుంచి చెట్టు చుట్టూ కొమ్మల అంచు మేర గాడి తీసి, వారం పది రోజులకు ఒకసారి నిండుగా నీళ్లు పెట్టి, పైన ఎండుగడ్డి కప్పుతున్నాను. పిందె నిలుస్తోంది. నీళ్లు మానమని చెప్పి ఎవరి చెట్టూ ఎండగట్టవద్దు.

రాయగడ_మాస్టారు
మీ అనుభవానికీ నా మాటకూ విరోధం లేదండి. నేను చెప్పినది పూతకు ముందు సంగతి, మీరు చెప్పినది పిందె కట్టిన తరువాతి సంగతి. పిందె బఠాణీ గింజంత అయ్యేదాకా ఆగి, ఆ తరువాత మీరు చేసినట్టే నీళ్లు పెట్టాలి. పూత మీద ఉండగా ఒక్కసారిగా నీళ్లు ముంచెత్తినా నష్టమే. మీ పదకొండు కాయల ఏడాదిలో జరిగిన పొరపాటు నీళ్లు మానడం కాదు, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో ఆ సలహా ఇచ్చినవారు చెప్పకపోవడం.

సిరొంచ_గోదారిగట్టు
ఆ ముక్క నిజమే. మళ్లీ ఎప్పుడు పెట్టాలని నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. బఠాణీ గింజ కొలత గుర్తుపెట్టుకుంటాను.

పర్లాకిమిడి_పెరడు
మాస్టారూ, మీ ప్రశ్న చదివి పెరట్లోకి వెళ్లి చూసి వచ్చాను. నాలుగేళ్ల క్రితం మేము కొత్త స్నానాలగది కట్టించాము. దాని తూము నీళ్లు నేల వాలును బట్టి నేరుగా మామిడి పాదులోకే పోతున్నాయి. ఇంట్లో ఆరుగురం, అంటే రోజూ పొద్దున ఎన్ని బిందెల నీళ్లో మీరే ఊహించండి. ఇప్పుడు కూడా పాదులో కర్ర గుచ్చితే మూరెడు లోతుదాకా తడిగా దిగింది. నాలుగేళ్ల లెక్క సరిగ్గా కలుస్తోంది. చెట్టుకు నీళ్లు దక్కుతున్నాయి కదా అని మేమందరం సంతోషించాము.

కొమ్మలు మాత్రం ఎన్నడూ తీయించలేదు. కాసే చెట్టు మీద కత్తి పెట్టకూడదని మా మామగారు అనేవారు, ఆయన పోయిన తరువాత ఆ మాట దాటడానికి ఎవరికీ మనసు రాలేదు.

మల్లెపందిరి
మీ మామగారి మాట కాస్తున్న రోజుల్లో చెట్టుకు కత్తి తగలకూడదని చెప్పినది కూడా కావచ్చు. మా అమ్మమ్మ మల్లెపొదను మార్గశిరంలో మోకాలెత్తుకు కత్తిరించి, ఆకు దూసి, నీళ్లు మానేసి ఎండగట్టేది. చిన్నప్పుడు నాకు అది క్రూరంగా అనిపించేది. మాఘం చివర పాదు తవ్వి ఎరువు వేసి నీళ్లు పెడితే, ఫాల్గుణానికల్లా పొద మొగ్గలతో తెల్లబడేది. కత్తిరించని పొద ఆకులే వేస్తుంది. ఈ ఏడు మా పొద మొదటి మూర పూలు మొన్న శుక్రవారం కోశాను. మామిడికీ ఆ న్యాయమే ఉంటుందని అనుకుంటున్నాను.

రాయగడ_మాస్టారు
న్యాయం ఒకటే, వేళ వేరు. మామిడికి కాయ కోసిన తరువాత, జ్యేష్ఠ ఆషాఢాల్లో కొమ్మలు తీయాలి. ఒకదాన్ని ఒకటి రాసుకునేవి, లోపలికి పెరిగినవి, ఎండినవి మొదట తీసివేయాలి. చీపురులా లేచిన వాటిలో బలమైన రెండు మూడు ఉంచి మిగిలినవి మొదలంటా కోసి, కోసిన చోట మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు పూయాలి. ఎత్తును కూడా రెండు మూడేళ్లలో కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి. అంతా ఒకే ఏడు నరికితే చెట్టు బెదిరి మళ్లీ గుబురు వేస్తుంది. ఎత్తు తగ్గితే బరంపురం వారు చెప్పిన తుపాను భయం కూడా చాలావరకు తగ్గుతుంది. వారి మాటలో సత్యం ఉంది, దానికి చెట్టు మొత్తాన్నీ బలి ఇవ్వనవసరం లేదని మాత్రమే నా మనవి.

బరంపురం_తులసికోట
విరిగిన మాను లోపల బోలుగా ఉందా, గట్టిగా ఉందా అన్నది ముందు చూడాలి. సుత్తి కొయ్యపిడితో తట్టితే మోత తేడా తెలుస్తుంది. గట్టిగా ఉండి, ఎత్తు తగ్గించగలిగితే నాకు అభ్యంతరం లేదు. బోలుగా ఉంటే మాత్రం నా మాట మారదు.

జయపురం_పింఛనుదారు
ఆకులు కలిపి గూళ్లు కుట్టుకునే ఎర్రచీమలు మీ చెట్టు మీద ఉన్నాయా? మా కొరాపుట్ జిల్లాలో వాటిని చెట్టుకు కాపలాగా భావిస్తారు. పురుగులను పట్టుకుపోతాయి. మా కొండవాళ్లు ఆ గూళ్లు తెచ్చి పచ్చడి నూరుకుంటారు. మయూర్‌భంజ్ ఎర్రచీమల పచ్చడికి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చీమలున్న చెట్టుకు మందు అక్కరలేదని నా నమ్మకం.

ధర్మాబాద్_కల్లం
చీమలు గొంగళిపురుగులను, పెంకుపురుగులను పట్టుకుంటాయన్నది నిజం. అయితే తీపి నీరు వదిలే పిండినల్లి వంటి వాటిని అవే ఆవుల్లా కాపాడుకుంటాయి. మా చెట్టు మీద చీమలు ఎక్కువైన ఏడే పిండినల్లి కూడా ఎక్కువైంది. కాపలా అనండి, కానీ ఒక్క దానినే నమ్ముకోవద్దు.

జయపురం_పింఛనుదారు
పిండినల్లి విషయంలో మీరు చెప్పినది నేను గమనించలేదు. ఈసారి గూళ్ల పక్క కొమ్మలు చూస్తాను. కాయలు కోసేటప్పుడు చీమలు పెట్టే మంట గురించి మాత్రం నాతో ఎవరూ వాదించనక్కరలేదు.

పర్లాకిమిడి_పెరడు
మాను తట్టి చూశాము, గట్టిగానే ఉంది. తెల్ల గుడ్డ పరీక్షలో పురుగులు గుప్పెడు పడ్డాయి. గెల మీద తెల్ల బూడిద లేదు. ఇక ఆ సీసా మాట చెప్పండి. ఇప్పుడు సగం పూత విచ్చుకొని ఉంది.

రాయగడ_మాస్టారు
ఆ సీసా మూత తీయకండి. ఈ విషయంలో నా తప్పు నేనే చెప్పుకోవాలి. రెండేళ్ల క్రితం పూత విరగబూసిన రోజుల్లో, పొద్దున తొమ్మిది గంటలకు, మనిషిని పెట్టి మందు కొట్టించాను. పురుగు చచ్చింది. దానితోపాటు పూల మీద వాలే ఈగలూ తేనెటీగలూ పోయాయి. మామిడి పూతలో ఎక్కువ భాగం మగపూలే. పుప్పొడిని మిగిలిన, గింజ కట్టే పూలకు చేర్చేది ముఖ్యంగా ఈగలు. ఆ ఏడు మా చెట్టు పూత నల్లబడలేదు, రాలనూ లేదు, పిందె మాత్రం కట్టలేదు. ఖాళీ పుల్లలు చైత్రమంతా కొమ్మలకు వేలాడాయి. వాటిని చూసినప్పుడల్లా నా మనసు చివుక్కుమనేది. మందు అవసరమైనా మొగ్గ దశలో కొట్టాలి, లేదా పిందె కట్టిన తరువాత కొట్టాలి. పూత విచ్చిన రోజుల్లో కొట్టకూడదు.

ఇప్పటికి చేయగలిగినది చెబుతాను. పూత విచ్చని గెలలకు, చెట్టు మానుకు, గుబురు లోపలి కొమ్మలకు వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల చొప్పున, కలవడానికి కొద్దిగా సబ్బునీరు వేసి, సాయంత్రం ఈగలు వెళ్లిపోయిన తరువాత కొట్టండి. వచ్చే ఏటికి వేపగింజలు మీరే పోగుచేసుకోవచ్చు. గింజల పప్పు 50 గ్రాములు నూరి లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి వడకడితే 5 శాతం కషాయం వస్తుంది. దేనిని కొట్టినా బావి నోటిని టార్పాలిన్‌తో మూసి, అంచులకు రాళ్లు పెట్టడం మరచిపోవద్దు.

గుణుపురం_కోడలు
మసి పట్టిన పిందెలు పారవేయకండి. రసాయన మందు పడకపోతే శుభ్రంగా రుద్ది కడిగి వాడుకోవచ్చు. రాలిన పిందెలతో మా ఇంట్లో పప్పు చేస్తాము, టెంక పడినవాటిని ముక్కలు కోసి ఉప్పు పట్టించి ఎండబెట్టి ఒరుగులు చేస్తాము. మా పక్కింటి ఒడియా అమ్మమ్మ వాటినే ఆంబుల అంటుంది. ఆమె ముక్కలు మనకన్నా నల్లగా, మెత్తగా ఉంటాయి, చేపల పులుసులో ఒక్కటి వేస్తే చాలు. ఏటా ఆమె డబ్బా మా ఇంటికి, మా డబ్బా ఆమె ఇంటికి వెళుతుంది. మామిడి పూతను ఆమె బఉళ అంటుంది. మొన్న మా చెట్టు చూసి ఈసారి బఉళ బాగుందని దిష్టి తీయించింది.

మల్లెపందిరి
ఉగాది పచ్చడికి ఆ పిందె ఒక్కటి నిలిచినా చాలని మా అమ్మ అనేది. కొన్నదానితో చేసిన పచ్చడికి పులుపు ఉంటుంది కానీ పెరటి వాసన ఉండదు.

సిరొంచ_గోదారిగట్టు
తూము నీళ్లు ఎటు మళ్లిస్తారు? ఆ నీటిని వృథా చేయకండి. అరటికి, చేమకు ఎంత తడి ఉన్నా సరిపోతుంది. మా ఇంట్లో గిన్నెలు కడిగిన నీళ్లతోనే నాలుగు అరటి పిలకలు గెలలు వేశాయి.

పర్లాకిమిడి_పెరడు
పన్నెండు రోజుల తరువాత రాస్తున్నాను. మొదటి ఆదివారం మావారు, మా అబ్బాయి కలిసి తూము దగ్గర నుంచి వెనుక గోడ మూల వరకు పాత పెంకులు పరచి కాలువ తీశారు. ఆ మూలలో మూడు అరటి పిలకలు, ఒక మడి చేమదుంపలు పెట్టాము. పాదు పైమట్టి ఆరి బీటలు వేయడం మొదలైంది. గుబురు లోపల చేతికి అందిన ఎండుపుల్లలు మాత్రం తీసివేశాము, పచ్చికొమ్మ ముట్టలేదు. వేపనూనె రెండుసార్లు సాయంత్రాలు కొట్టాము. బావిని మా అత్తగారు స్వయంగా దగ్గరుండి మూయించారు. ఆ సీసాను దుకాణంలో తిరిగి ఇచ్చివేశాము. వారు డబ్బుకు బదులు బెండ, ఆనప విత్తనాలు ఇచ్చారు.

పడమటి వైపు పూత పూర్తిగా పోయింది, దాన్ని ఇక కాపాడలేము. ఎండ తగిలే తూర్పు కొమ్మల మీద పిందె కట్టింది. నిన్న నిచ్చెన వేసి ఒక కొమ్మ దగ్గరకు తీసుకొని లెక్కపెట్టాను. పదిహేడు గెలలున్నాయి, వాటిలో తొమ్మిదింటికి పిందెలున్నాయి. కొన్ని బఠాణీ గింజంత, రెండు మాత్రం అప్పుడే రేగుపండంత అయ్యాయి. పిందె తొడిమ దగ్గర ఇంకా ఎండిన పూవు అంటుకొని ఉంది. రేపటి నుంచి పాదుకు దూరంగా గాడి తీసి నీళ్లు మొదలుపెట్టాలా, ఇంకొక వారం ఆగాలా?

రాయగడ_మాస్టారు
ఎక్కువ పిందెలు బఠాణీ గింజంత అయ్యాయి కాబట్టి మొదలుపెట్టవచ్చు. అయితే మీ నేలలో నాలుగేళ్ల తడి ఉంది. కర్ర గుచ్చి చూడండి, జానెడు లోతున మట్టి పొడిగా వస్తేనే పెట్టండి. మొదటి తడి పలచగా ఉండాలి.

బరంపురం_తులసికోట
కాయలు దిగిన తరువాత కొమ్మలు తీయించే రోజు చెప్పండి. మా ఇంట్లో కొమ్మల రంపం ఉంది, పొడవు పిడిది. బరంపురం నుంచి పర్లాకిమిడికి నేనే తీసుకొస్తాను. గోడవైపు కొమ్మలు ఎలా దించాలో దగ్గరుండి చూపిస్తాను.

పర్లాకిమిడి_పెరడు
తప్పకుండా చెబుతాను, భోజనం మా ఇంట్లోనే చేయాలి. మావారు ఈ రోజు రేకుల పాకకు వీధివైపు గోడ పక్కన కొలతలు తీసుకున్నారు. మా అత్తగారు ఉగాదికి తూర్పు కొమ్మ మీది ఒక్క పిందె కోసి ఇమ్మని, అది ఏదో తనకు చూపించమని నన్ను అడిగారు. రేగుపండంత ఉన్న ఆ రెండింటిలో ఒకదానికి ఎర్రదారం కట్టి వచ్చాను.